పదికి పది

ఆగస్టు 4

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం షాపుకే వచ్చింది. మా ఓనరు కవరు తిప్పి తిప్పి చూసి, "ఈ రోజుల్లో ఉత్తరాలేంటమ్మా" అన్నాడు. మా ఆడపడుచు పాతకాలం మనిషి అని చెప్పాను. నిజం చెబితే ఆయనకేం అర్థమవుతుంది? నీతో ఫోన్లో మాట్లాడదామంటే మీ అన్నయ్య పక్కన చేరి స్పీకర్ పెట్టమంటాడు. మొగుడి ముందే మొగుణ్ణి ఎలా ఆడిపోసుకోను? కాబట్టి కళ్లజోళ్ల షాపు అడ్రసుకే రాస్తూ ఉండు.

ఇవాళ ఒక విచిత్రం జరిగింది. మీ అన్నయ్య ఫుట్‌బాల్ ప్రాక్టీసు ప్యాంటు ఉతకబోతూ జేబు తడిమితే చీటీ దొరికింది. గొడుగు, తేనె, రైలు, సబ్బు, మేక, నిచ్చెన, ఉంగరం, దుప్పటి, గంట, నిమ్మకాయ. అంతే. చేతిరాత ఆయనది కాదు, గుండ్రంగా ముద్దుగా ఉంది. ఎవతో సరుకుల జాబితా ఇచ్చిందనుకున్నాను. సరుకుల్లో మేక ఏమిటి, ఉంగరం ఏమిటి? ఉంగరం దగ్గర నాకు చెమటలు పట్టాయి.

చీటీ చేతిలో పట్టుకుని నిలదీశాను. మీ అన్నయ్య తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, అది గోల్‌కీపరు రాసిచ్చాడన్నాడు. రేపు ఆట మానేశాక కోచ్ కావాలంటే పరీక్ష రాయాలట, అందులో జ్ఞాపకశక్తికి ఒక భాగం ఉందట, దానికి అభ్యాసమట. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ముప్పై నాలుగేళ్ల మనిషి, పుస్తకం అంటే ఆమడ దూరం పరుగెత్తేవాడు, తనంతట తాను చదువుకుంటానంటున్నాడు. రేపట్నుంచి పొద్దున్నే నేను అప్పజెప్పించుకుంటానన్నాను. వద్దంటే వద్దన్నాడు. నేను వింటానా?

మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మెట్లు వెనక్కి తిరిగి దిగుతాడు. మా పిల్ల అదేదో ఆటనుకుని తనూ అలాగే దిగుతోంది.

నువ్వు పిల్లలకు పాఠాలు చెప్పేదానివి కదా, ఇలాంటివి గుర్తుపెట్టుకునే కిటుకులేమైనా ఉంటే రాయి. చిన్న క్లాసు కిటుకులే చాలు, విద్యార్థి సంగతి నీకు తెలుసు.

నీ వదిన

*

ఆగస్టు 13

వదినా,

ఉంగరం చదివి మా స్టాఫ్ రూములో పగలబడి నవ్వాను. లెక్కల మాస్టారు కళ్లజోడు పైకెత్తి చూశాడు. మా అన్నయ్యకు అంత తెలివే ఉంటే నీ చేత నాలుగేళ్లు తిప్పించుకుని పెళ్లి చేసుకునేవాడా?

కిటుకు రాస్తున్నాను. మాటల్ని విడివిడిగా బట్టీ పడితే నిలవవు. అన్నిటినీ కలిపి ఒక కథ అల్లాలి, ఎంత తిక్కగా ఉంటే అంత మంచిది. మా ఒకటో తరగతి పిల్లలు నలభై రెండు మంది ఇలాగే నేర్చుకుంటారు. విను. గొడుగేసుకుని, తేనె సీసాతో మీ ఆడపడుచు రైలెక్కింది. రైల్లో సబ్బు మీద కాలేసి జారి మేక మీద పడింది. మేక హడలిపోయి నిచ్చెనెక్కింది. నిచ్చెన మీద మీ ఆడపడుచుకు ఉంగరం దొరికితే దుప్పట్లో దాచింది. ఇంతలో గంట కొట్టి అందరికీ తలో నిమ్మకాయ ఇచ్చి పంపేశారు. ఇది రెండుసార్లు చెప్పించు, చచ్చేదాకా మరిచిపోడు.

ఒక మాట అడగనా? అన్నయ్యకు నా మీద కోపమేమైనా ఉందా? మొన్న ఆదివారం ఫోన్ చేస్తే, "నీ స్కూలు పైకప్పు బాగు చేశారా?" అని అడిగాడు. చేశారని చెప్పాను. రెండు నిమిషాలయ్యాక మళ్లీ అదే అడిగాడు. మళ్లీ చెప్పాను. పెట్టేసేముందు మూడోసారి. నా మాట చెవిన పెట్టకుండా ఏదో అడగాలి కాబట్టి అడుగుతున్నాడని తెలిసిపోయింది. మనసు చివుక్కుమంది. నువ్వు ఏమీ అడగొద్దు, నాకు చెప్పుకోవాలనిపించింది, అంతే.

పిల్లకు ముద్దులు. మెట్లు ముందుకే దిగమని చెప్పు, పడితే పళ్లూడతాయి.

ఉంగరం దొరికిన మరదలు

*

సెప్టెంబర్ 19

మరదలు పిల్లకి,

నీ కిటుకు బంగారం. మూడు రోజుల్లో పదికి పది. అసలు జాబితాలు మూడట, మిగిలిన రెండూ తెచ్చి ఇచ్చాడు. వాటికీ కథలల్లాం. రెండో దాంట్లో మా అత్తగారు, అంటే మీ అమ్మే, ఏనుగు మీద ఊరేగుతుంది. పొద్దున్నే ఆయన పళ్లు తోముకుంటూ కథ చెబుతుంటే నేను మార్కులు వేస్తాను. పిల్లకు కూడా మూడూ వచ్చేశాయి. ఈ ఇంట్లో చదువు ఇంత జోరుగా ఎప్పుడూ సాగలేదు.

చదివి చదివి పాపం తలనొప్పి కూడా తెచ్చుకున్నాడు. కిటికీ పరదాలు తీయనివ్వడు. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకు తిరుగుతాడు. "ఎవరికి చూపించడానికి ఈ సోకు?" అన్నాను. తర్వాత జాలేసి షాపుకు తీసుకెళ్లి నేనే కళ్లు పరీక్ష చేశాను. అన్ని వరుసలూ గడగడా చదివేశాడు. చూపులో ఏ దోషమూ లేదు. అలవాటు లేని చదువు కదా, అదే అయ్యుంటుంది.

షాపంటే గుర్తొచ్చింది. లైసెన్సుకు చూపు బాగుందన్న కాగితం కోసం డ్రైవర్లు వస్తారు కదా, వాళ్లు బయట బల్ల మీద కూర్చుని, లోపలికి వెళ్లొచ్చినవాణ్ణి అడిగి మా బోర్డు అక్షరాలు బట్టీ కొట్టేస్తారు. లోపలికొచ్చి అద్దాలు తీసేసి పద్యం చదివినట్టు చదువుతారు. నేనేం తక్కువ తిన్నానా? అనుమానం వస్తే రెండో బోర్డు తగిలిస్తాను. అప్పుడు కూడా మొదటి బోర్డే అప్పజెబుతారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని వాళ్లకు తెలియదు.

మొన్న శనివారం మ్యాచ్ టీవీలో చూశావా? కార్నర్ కిక్ వచ్చినప్పుడు అవతలి ఆటగాడి తలా ఈయన తలా ఠపీమని తగిలాయి. ఇద్దరూ పడ్డారు. ఈయన ముందు లేచాడు. జనమంతా ఆయన బిరుదు పట్టుకుని "గోడ, గోడ" అని అరిచారు. మర్నాడు డాక్టరు పరీక్ష చేశాడట, పాసయ్యాడట. వచ్చే వారం కూడా ఆడతాడు. ఇప్పటికి మూడొందల ఎనభై ఒక్క మ్యాచ్‌లు. నాలుగొందలు పూర్తయితే క్లబ్బు గోడ మీద పేరు రాస్తారట. గోడ పేరు గోడ మీద రాయడం ఏమిటో.

నీ మీద కోపమేమీ లేదు. ఊరికే ఊహించుకోకు. మగవాళ్లు ఫోన్లో అంతే.

నీ వదిన

*

అక్టోబర్ 21

వదినకు,

నేను ఊహించుకోలేదు. ఈసారి నిజంగానే బాధపడ్డాను, అందుకే సూటిగా రాస్తున్నాను.

మా స్కూలు ఆటల రోజుకు వస్తానని అన్నయ్య తనంతట తానే మాటిచ్చాడు. జూన్ నుంచి పిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్ల చేత కాగితం జెండాలు చేయించాను. ఒకడు ఆయన్ని తాకుతానని గోళ్లు కత్తిరించుకుని వచ్చాడు. పన్నెండింటి దాకా ఎండలో నిలబడ్డాం. రాలేదు. ఫోన్ చేస్తే, "నేనెప్పుడు అన్నాను?" అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు వదినా, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నిజంగా ఎరగనట్టే అన్నాడు. అంత బాగా అబద్ధమాడటం ఎప్పుడు నేర్చుకున్నాడు?

చిన్నప్పుడు నాకు చెప్పులు తెగితే తన చెప్పులిచ్చి ఉత్త కాళ్లతో నడిచినవాడు. గొప్పవాడయ్యాక మనుషులు మారతారంటే నమ్మేదాన్ని కాదు. వాడికి ఇప్పుడు స్టేడియం నిండా జనం ఉన్నారు, నలభై రెండు మంది పిల్లలు ఎవరికి కావాలి?

నువ్వు వెనకేసుకొస్తావని తెలుసు. అయినా రాస్తున్నాను.

మీ ఆడపడుచు

*

అక్టోబర్ 27

ఆడపడుచు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. మొగుడి విసుర్లే నాకు ఈ మధ్య ఎక్కువయ్యాయి, దానికి తోడు నీవి.

మీ అన్నయ్య గొప్పవాడైపోయాడా? ఆ గొప్పవాడు నిన్న నా పక్కన నిలబడి గిన్నెలు తోమాడు. నిలబడలేక సగంలో కుర్చీ తెచ్చుకున్నాడు. మోకాలికి సూది పొడిపించుకుని ఆడతాడు, మందు దిగాక మంచం దిగడానికి పది నిమిషాలు పడుతుంది. నొప్పి మాత్రలకు కడుపు మండితే మళ్లీ దానికో మాత్ర. ఇన్నింటి మధ్య ఒక మాట మరిచిపోయాడు. మరిచిపోవడం నేరమా? ఆ మధ్య నా పుట్టినరోజే మరిచిపోయాడు, నేనేమైనా ఉత్తరాలు రాశానా?

పిల్లలకు బాధ కలిగితే నేను క్షమించమంటున్నాను. మీ అన్నయ్యను మాత్రం అబద్ధాలకోరు అనకు. నోట్లో నాలుక లేని మనిషి.

ఇంతకన్నా రాస్తే మాట జారుతుంది.

వదిన

*

నవంబర్ 12, బుధవారం

పిల్లా,

ముందు మన తగువు పక్కన పెట్టు. నువ్వు రాసిందీ తప్పే, నేను రాసిందీ తప్పే. ఇద్దరం కలిసి చేసింది అన్నిటికంటే పెద్ద తప్పు. ఇది ఫోన్లో చెప్పలేను, ఏడుస్తాను.

నిన్న పొద్దున ఒక లారీ డ్రైవరు వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. అద్దాలు తీసి అక్షరాలు చదివాడు, తడబాటు లేకుండా. రెండో బోర్డు తగిలించాను. అప్పుడూ మొదటి బోర్డే చదివాడు. నేను నవ్వేలోపు ఆయన, "తల్లీ, కనబడదని రాస్తే బండి ఇవ్వరు. బండి లేకపోతే నేనెవణ్ణి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చేతిలో అద్దాలు తుడుస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ మాట ఎవరి నోట విన్నానా అని. సరిగ్గా అదే మాట కాదు గానీ, ఆట లేకపోతే నేనెవణ్ణి అని మీ అన్నయ్య లక్షసార్లు అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఏ పరీక్షలో అయినా ముందే ఇచ్చిన మూడు జాబితాలే అడుగుతారా? ఆ పరీక్ష ఎప్పుడని నేను ఒక్కసారైనా అడిగానా? నేను అడక్కుండానే ఆయన కథలు వల్లెవేసేది ఎప్పుడు? తలకు దెబ్బ తగిలిన మర్నాడే. దీపం కింద చీకటంటే ఇదే. ఊరందరి దొంగ చదువూ పట్టుకున్నాను, ఇంట్లో దొంగ చదువుకు మార్కులు వేశాను.

సాయంత్రం ప్రాక్టీసు నుంచి రాగానే వంటింట్లో కూర్చోబెట్టి పది మాటలు చెప్పాను. గరిటె, జల్లెడ, పీట, చీపురు, ఇలా ఎదురుగా కనబడినవే. చెప్పమన్నాను. నవ్వి, "ఇవి సిలబస్‌లో లేవు" అన్నాడు. చెప్పమన్నాను. గరిటె అన్నాడు. చాలాసేపు ఆగి పీట అన్నాడు. తర్వాత తేనె అన్నాడు. నేను తేనె అనలేదు పిల్లా.

అప్పుడు చెప్పాడు. తలకు దెబ్బ తగిలితే క్లబ్బు డాక్టరు పది మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి తిరిగి చెప్పమంటాడు. చెప్పగలిగితే ఆడనిస్తాడు. ఆయన దగ్గర మూడే జాబితాలు, తొమ్మిదేళ్లుగా అవే. టీములోకి కొత్తగా ఎవరొచ్చినా గోల్‌కీపరు చొక్కా నంబరుతో పాటు ఆ జాబితాలూ రాసిస్తాడట, ఈయన గుర్తుండక మళ్లీ రాయించుకున్నాడట. "అందరం చేస్తాం. ఇది మోసం కాదు, మా ఆచారం" అన్నాడు. పోయినేడాది నుంచి ఎన్ని దెబ్బలని అడిగితే వేళ్లు లెక్కపెట్టి ఐదు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆరోది ఉందో లేదో తనకే తెలియదు. నీ ఆటల రోజు సంగతి అడిగాను. మాటిచ్చిన జ్ఞాపకమే లేదు. నీతో అబద్ధమాడలేదు.

మొన్న శనివారం మళ్లీ తగిలింది. డాక్టరు ఊళ్లో లేడు, ఎల్లుండి శుక్రవారం వచ్చి పరీక్ష చేస్తాడు. పాసైతే ఆదివారం మ్యాచ్. ఇంకా పదకొండు ఆడితే నాలుగొందలు. "ఈ పదకొండూ ఆడనీ, తర్వాత నువ్వేం చెబితే అది. డాక్టరుకు చెబితే మాత్రం జన్మలో నీతో మాట్లాడను" అన్నాడు. ఆ మాటకు భయపడలేదు. చెప్పేటప్పుడు ఆయన నా పేరు కోసం ఒక్క క్షణం వెతుక్కున్నాడు. దానికి భయపడ్డాను.

ఇది నీకు చేరేసరికి శుక్రవారం దాటిపోతుంది. నీ సలహా కోసం రాయడం లేదు. ఎవరికైనా రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

వదిన

*

నవంబర్ 16

వదినా,

నన్ను క్షమించు. అన్నయ్యను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మూడుసార్లు పైకప్పు గురించి అడిగినప్పుడే నాకు తట్టాలి. క్లాసులో ఏ పిల్లవాడైనా అలా అడిగితే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. సొంత అన్నయ్య అడిగితే అలిగి కూర్చున్నాను. పైగా కిటుకు ఇచ్చింది నేను. ఆ మేకనూ నిచ్చెననూ తలుచుకుంటే తిండి సహించడం లేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. వెంటనే క్లబ్బుకు ఫోన్ చేశాను. "నేను గోడ చెల్లెల్ని, డాక్టరుతో మాట్లాడాలి" అన్నాను. ఫోనెత్తినాయన, "రోజుకు పదిమంది చెల్లెళ్లు చేస్తారమ్మా" అని పెట్టేశాడు.

నీకు చేద్దామంటే అన్నయ్య పక్కనే ఉంటాడు, నువ్వు ఈపాటికి చెప్పేశావో లేదో తెలియదు. చెప్పకపోతే చెప్పొద్దు. నేను చెబుతాను. నువ్వు ఆ ఇంట్లో రోజూ ఆయన ముఖం చూడాలి, అన్నం పెట్టాలి. నేను రెండు రైళ్లు మారితే గానీ కనపడని మనిషిని. ఆయనకు కోపం రావాలంటే నా మీద రానీ. ఏడాది మాట్లాడకపోయినా ఓర్చుకుంటాను, అలవాటైంది కదా. నెలాఖరుకు సెలవు పెట్టాను, వచ్చేస్తున్నాను. ఈలోగా ఆయన మైదానంలోకి దిగకుండా ఏదో ఒకటి చెయ్యి. బూట్లు దాచెయ్యి.

నువ్వు భోజనం మానకు.

మరదలు

*

డిసెంబర్ 2

బంగారుతల్లికి,

నీ ఉత్తరం చదువుకుని షాపులో కళ్లు తుడుచుకున్నాను. ఓనరు నాకే కళ్లు పరీక్ష చేస్తానన్నాడు. నాకు పడాల్సిన తిట్లు తను తింటానన్న ఆడపడుచు ఎవరికుంటుంది? కానీ అప్పటికే నేను తినేశాను.

నువ్వొచ్చినప్పుడు ఆయన ముందు వివరంగా చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ శుక్రవారం పొద్దున ఆయన వెనకే క్లబ్బుకు వెళ్లాను. డాక్టరు గది చిన్నది. మందుల బీరువా, తూకం, మూలన చంక కర్రలు. మనిషి మెతక. "ఏమ్మా ఇలా వచ్చారు?" అన్నాడు. మీరు ఇవాళ అడగబోయేవి నేను చెబుతాను వినండని, మూడు జాబితాలూ ముప్పై మాటలూ చెప్పాను. ఊపిరి తీసుకోలేదు. డాక్టరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "తొమ్మిదేళ్ల నుంచి నేను ఎంతమందిని పంపానో" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత అక్కడికక్కడే కొత్త మాటలు పది రాసి అడిగాడు. మీ అన్నయ్యకు రెండు వచ్చాయి. అప్పుడు మీ అన్నయ్య నాకేసి ఒక చూపు చూశాడు. పెళ్లయిన పదేళ్లలో అలాంటి చూపు ఎరగను.

ఆసుపత్రిలో తల లోపల ఫొటోలు తీశారు. పెద్ద డాక్టరు మంచిగానే చెప్పాడు. ఇప్పుడాపితే చాలావరకు కుదుటపడొచ్చు, ఇంకో దెబ్బ తగిలితే మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేనన్నాడు. ఆట అయిపోయింది.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లను మధ్యలో పెట్టాడు. "నా తువ్వాలు ఎక్కడుందో మీ అమ్మనడుగు." "మీ నాన్న మెడ మీదే ఉందని చెప్పు." ఇలా. పిల్లకు మాత్రం భలే సరదాగా ఉంది, అటు చెప్పేది ఇటు కొంచెం పెంచి చెప్పేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం షాపుకు వచ్చాడు. కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ లేరు. "పోయినేడాది పిల్ల పుట్టినరోజుకు నేను ఇంట్లో ఉన్నానా?" అని అడిగాడు. ఉన్నావు, దాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పావు, దాని తల తలుపుకు తగిలితే నువ్వే ఎక్కువ ఏడ్చావని చెప్పాను. "ఫొటో చూశాను. నేనే ఉన్నాను. కానీ నాకది గుర్తులేదు. ఎంత వెతికినా దొరకలేదు" అన్నాడు. నేను కౌంటరు దాటి వచ్చి పక్కన కూర్చున్నాను. "నువ్వు చెప్పకపోయుంటే ఈ ఏడాదిది కూడా పోయేది" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. కస్టమరు వచ్చి తలుపు తీసి మళ్లీ మూసేసి వెళ్లిపోయాడు. బేరం పోతే పోయింది.

నువ్వు వచ్చివెళ్లాక ఇల్లు బోసిగా ఉంది. నిన్ను చూసి ఆయన మొట్టమొదట ఏమన్నాడో చెప్పావు కాదు. ఇద్దరూ తలుపు వేసుకుని గంటసేపు ఏం మాట్లాడుకున్నారు? అర్ధమొగుడికి చెప్పినవి మొగుడి పెళ్లానికి చెప్పకూడదా?

నీ వదిన

*

ఫిబ్రవరి 8

వదినమ్మకు,

ఏం మాట్లాడుకున్నామో చెప్పను. ఉత్తరం నువ్వు చదివి బీరువాలో పెడతావు, ఆయన తీసి చదువుతాడు. అయినా ఒకటి చెబుతాను. "మీ వదినతో నేను అన్న మాట చాలా పెద్దది. ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక పదకొండు రోజులు ఊరుకున్నాను" అన్నాడు. కోపం మొదటి రోజే పోయిందట. మొండితనం మాత్రం మా ఇంటిది, నేను ఒప్పుకుంటాను.

ఇప్పుడు అసలు కబురు. మొన్న అన్నయ్య స్కూలుకు వచ్చినప్పుడు పిల్లలు ఆయన్ని నలిపేశారు. ముందే చెప్పాడు, బంతి కాలితోనే, ఎవరి తలా తగలకూడదు అని. ఒకడు మరిచిపోయి తలతో కొడితే ఆట ఆపించి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఏదో చెప్పాడు. వాడు ఇంటికెళ్లి వాళ్ల నాన్నకు కూడా తలతో కొట్టొద్దని చెప్పాడట. వాళ్ల నాన్న వడ్రంగి.

మీ క్లబ్బు డాక్టరు అన్నయ్య దగ్గర నంబరు తీసుకుని నాకు ఫోన్ చేశాడు. కొత్త జాబితాలు కావాలి, ఎవరూ ఊహించలేనివి కావాలి, సాయం చేస్తారా అన్నాడు. మా పిల్లలకు అప్పగించాను. ఒక్కొక్కరు పది మాటలు. నలభై రెండు జాబితాలయ్యాయి. అందులో నల్లి, తాతయ్య పళ్లసెట్టు, చిరిగిన లాగు, టీచర్ జడ, అన్నీ ఉన్నాయి. ఏడాదికోసారి కొత్త క్లాసు వస్తుంది కాబట్టి కొత్తవి వస్తూనే ఉంటాయని చెప్పాను. డాక్టరు పొంగిపోయాడు. గోల్‌కీపరు మాత్రం నన్ను తిట్టుకుంటున్నాడట.

అన్నయ్య నిన్న ఫోన్ చేసి పైకప్పు గురించి అడిగాడు. ఒక్కసారే.

మరదలు

*

మార్చి 15

మరదలు పిల్లకి,

నిన్న మ్యాచ్‌కు వెళ్లాం. క్లబ్బు వాళ్లు పెద్దల కుర్చీల్లో కూర్చోమన్నారు. మీ అన్నయ్య వద్దని మామూలు టికెట్లు తీసుకున్నాడు. జనం మధ్య కూర్చుని ఆట చూడటం ఆయనకు ఇదే మొదలు. ఎండ కళ్లలో పడుతున్నా నల్లద్దాలు అడగలేదు. వెనక వరుసలో ఒకాయన మీ అన్నయ్య నంబరు చొక్కా వేసుకుని ఉన్నాడు. వంగి భుజం తట్టి, "నువ్వు లేక డిఫెన్సు జల్లెడైపోయింది గోడా" అన్నాడు. మీ అన్నయ్య మురిసిపోయాడు. నేనూ మురిశాను, దాచడం ఎందుకు.

ఆయన చోటులో ఇప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఆడుతున్నాడు. మంచి పొడగరి. రెండో సగంలో కార్నర్ వచ్చింది. వాడు ఎగిరాడు, అవతలివాడి మోచెయ్యి వాడి కణతకు తగిలింది. పడ్డాడు. లేచాడు. చెయ్యి ఎత్తి బాగానే ఉన్నానని చూపించాడు. స్టేడియమంతా వాడి పేరు పట్టుకుని అరిచింది. ఆట మళ్లీ మొదలైంది. అందరూ బంతిని చూస్తున్నారు. మీ అన్నయ్య వాణ్ణి చూస్తున్నాడు. వాడు వెళ్లి నిలబడాల్సిన చోటు దాటిపోయి, సొంత గోలు వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు.

మీ అన్నయ్య లేచి, "వాణ్ణి బయటికి తీయండి" అని అరిచాడు. ఆ గొంతు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మళ్లీ అరిచాడు. స్కోరు సమానంగా ఉంది, ఆట ఇంకా పావుగంట ఉంది. జనానికి మండింది. "కూర్చోరా" అన్నారు. ఈలలు వేశారు. ఎవరో నీళ్ల సీసా విసిరారు. వెనక ఉన్న చొక్కా ఆయనే, "నీ చోటు పోయిందని కడుపుమంటా?" అన్నాడు. మీ అన్నయ్య కూర్చోలేదు. నేనూ లేచి అరిచాను. పిల్ల కుర్చీ ఎక్కి నిలబడి మా ఇద్దరికంటే గట్టిగా అరిచింది.

డాక్టరు బెంచీ దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. మీ అన్నయ్య కుర్రవాడికేసి వేలు చూపించాడు. డాక్టరు ఒక్క క్షణం వాణ్ణి చూసి, రిఫరీకి చెయ్యి ఊపుతూ లోపలికి పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో, ఆటగాణ్ణి మార్చేటప్పుడు ఎత్తే బోర్డు మీదకు వాడి నంబరెక్కింది. అప్పుడు చూడాలి, స్టాండు మొత్తం మా మీద విరుచుకుపడింది. పద్దెనిమిదేళ్లు చప్పట్లు కొట్టిన చేతులన్నీ మాకేసే చూపించాయి.

కుర్రవాడు బయటికి వెళుతూ మా స్టాండు కిందనుంచే నడిచాడు. తలెత్తి మీ అన్నయ్యను ఒక చూపు చూశాడు. ఆ చూపు ఏమిటో మా ఇద్దరికీ బాగా తెలుసు. మీ అన్నయ్య వాడి కళ్లలోకి చూస్తూ చప్పట్లు కొట్టాడు. అంతమందిలో ఒక్కడే. వాడు లోపలికి వెళ్లి కనపడకుండా పోయేదాకా కొట్టాడు.

మ్యాచ్ ఓడిపోయాం. బయటికి వస్తుంటే కూడా తిట్టారు. ఇంటికొచ్చి, "ఇంతమంది చేత తిట్లు తినడం ఇదే మొదటిసారి" అంటూ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నీ వదిన